సలమాంకా చదువు – ఒక తెలుగు పంతులు మాట



చాలా రోజుల తరువాత వ్రాస్తున్న టపా ఇది. మా ఇంట జరిగిన ఒక చర్చ దీనికి మూలం. ఇంటి గొడవ లోకానికి చెప్పడం మర్యాద కాదేమో కాని, ఈ గొడవలో నావంటి భాషాబోధకులు ఆలోచించవలసిన సంగతి ఒకటున్నదని తోచి, సాహసిస్తున్నాను.

మా మనుమరాలు, అంటే మా అమ్మాయి కూతురు, జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నది. పైచదువు స్పెయిన్ దేశంలోని సలమాంకా విశ్వవిద్యాలయంలో, స్పానిష్ భాషలోనే చదువుతానన్నది. మా అల్లుడు అదే దేశంలోని వేరొక నగరంలో ఆంగ్లంలో బోధించే కోర్సును చూసిపెట్టాడు. "మామయ్యగారూ, మీరు చెబితే వింటుంది. కొత్త భాషలో చదివి నెగ్గుకురావడం మాటలా? ఉద్యోగానికి పనికివచ్చేది ఇంగ్లీషే కదా!" అని నన్ను మధ్యవర్తిగా నిలబెట్టాడు. ఆయన మాటలో అసత్యం లేదు. బిడ్డ క్షేమం కోరే తండ్రి మాట అది. నేనూ మొదట ఆయన పక్షమే వహించాను. "అమ్మా, పరభాషలో శాస్త్రం చదవడం రెండు బరువులు ఒకేసారి మోయడం" అన్నాను.

దానికి ఆ పిల్ల నవ్వి, "తాతయ్యా, ఇంగ్లీషు మాత్రం మన భాషా?" అన్నది. నాకు జవాబు తోచలేదు.

తరువాత తాను రెండేళ్ళుగా నేర్చుకొంటున్న స్పానిష్ భాషను నాకు పరిచయం చేసింది. "ఇంగ్లీషులో 'నేను ఇష్టపడతాను' అన్నట్టు చెబుతారు. స్పానిష్‌లో 'మె గుస్తా' అంటారు. అంటే 'నాకు నచ్చుతుంది' అనే కదా? అచ్చం మన వరుసే!" అన్నది. ముప్పై నాలుగేళ్ళు విభక్తులు బోధించినవాడికి ఇంతకంటె విందు ఏముంటుంది? కిన్, కున్ అనే ప్రత్యయాలను మన వ్యాకరణం షష్ఠిలో చేర్చినా, ఇక్కడి అర్థం సంస్కృతంలోని చతుర్థికి దగ్గర. ఆ సూక్ష్మం సముద్రాల అవతలి భాషలో ఈ పిల్లకు పట్టుబడింది. అంతే కాదు, 'ఆబ్లో' అంటే 'మాట్లాడతాను'. కర్త వేరుగా చెప్పనక్కరలేదు, మన క్రియలో వలెనే ప్రత్యయం చెబుతుంది. చనువైనవారిని 'తూ' అనీ గౌరవించవలసినవారిని 'ఉస్తేద్' అనీ సంబోధిస్తారు. మన నువ్వు, మీరు. ఇక రేఫలు రెండు! 'పెరో' అంటే 'కాని', 'పెర్రో' అంటే 'కుక్క'. మన ఏరుకూ ఏఱుకూ ఉన్న భేదాన్ని మనం పలుకుబడిలో పోగొట్టుకున్నాము. శకటరేఫను వాళ్ళు ఇంకా నోట నిలుపుకొన్నారు.

స్పానిష్ తెలుగుకు చుట్టమని నేను అనడం లేదు. అది లాటిన్ సంతతి. నా మాట ఇంతే. స్పానిష్ నేర్వదలచిన తెలుగు విద్యార్థి ప్రతి వాక్యాన్నీ ఆంగ్లం గుండా నడిపించనక్కరలేదు. తన తల్లిభాషను మెట్టుగా చేసుకొంటే కొన్ని చోట్ల దారి దగ్గరవుతుంది.

ఇంతకూ ఆ సలమాంకా ఎటువంటి చోటో తెలుసుకొందామని చదవనారంభించాను. చదివిన కొద్దీ నా అభిప్రాయం మారుతూ వచ్చింది.

ఆ విశ్వవిద్యాలయాన్ని 1218లో లెయోన్ రాజు తొమ్మిదవ అల్ఫోన్సో స్థాపించాడు. 2018లో ఎనిమిది వందల ఏళ్ళ ఉత్సవం జరుపుకొన్నది. దాని పాత భవనపు ముఖద్వారం పదహారవ శతాబ్దపు శిల్పం. ఆ శిల్పాలలో ఒక పుర్రె మీద చిన్న కప్ప కూర్చుని ఉంటుంది. ఎవరూ చూపకుండా దానిని కనిపెట్టిన విద్యార్థికి పరీక్ష గట్టెక్కుతుందని అక్కడివారి నమ్మకం. డాక్టరేటు పొందినవారి పేర్లు ఎర్రని అక్షరాలతో గోడల మీద వ్రాసే ఆచారం ఉన్నది. పరీక్షల భయమూ నెగ్గిన గర్వమూ ఏ దేశంలోనైనా ఒక్కటే కాబోలు.

కాని నన్ను ఆకర్షించినది కప్ప కాదు. ఆ విద్యాలయంలో శతాబ్దాల తరబడి బోధనాభాష లాటిన్. ఇంట మాట్లాడే కాస్తిలియన్, అనగా నేటి స్పానిష్, శాస్త్రానికి పనికిరాదని పండితుల అభిప్రాయం. అక్కడే చదివి, అక్కడే బోధించిన ఆంతోనియో దె నెబ్రిహా అనే పండితుడు 1481లో లాటిన్ నేర్పే పుస్తకం ప్రచురించాడు. అదే పండితుడు 1492లో అదే ఊళ్ళో కాస్తిలియన్ భాషకు వ్యాకరణం అచ్చువేయించాడు. వాడుకలో అందరికీ వచ్చిన భాషకు వ్యాకరణమేమిటని అడిగేవారు అన్ని కాలాలలోనూ ఉంటారు. అయినా ఆయన వ్రాశాడు.

మరొకరు ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్. కవి, మతాచార్యుడు, సలమాంకా అధ్యాపకుడు. బైబిలు హీబ్రూ మూలానికి ప్రాధాన్యం ఇస్తున్నాడనీ, అందులోని ఒక గీతభాగాన్ని దేశభాషలోకి తెచ్చాడనీ మతవిచారణ సంస్థ అభియోగం మోపింది. 1572 నుండి 1576 వరకు చెరసాలలో ఉన్నాడు. విడుదలై వచ్చి, మధ్యలో ఏమీ జరుగనట్లు నిన్నటి పాఠాన్ని కొనసాగించాడని ఒక ఐతిహ్యం. అది నిజమో కాదో కాని, ఆయన పేరిట ఉన్న పాఠశాల గది, మొరటు కొయ్య బల్లలతో, నేటికీ అక్కడ భద్రంగా ఉన్నది. గంభీరమైన విషయాలు దేశభాషలో వ్రాయవచ్చునని ఆయన తరువాత తన గ్రంథంలో వాదించాడు.

ఇక మా మనుమరాలి శాస్త్రానికే వద్దాము. నాడీమండలం విడివిడి కణాలతో నిర్మితమని నిరూపించిన సాంతియాగో రామోన్ ఇ కహాల్ స్పెయిన్ దేశీయుడు. 1888లో బార్సెలోనాలో ఉండగా తన పరిశోధనల కొరకు స్పానిష్‌లో స్వయంగా ఒక పత్రిక నడిపాడు. 1906లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన రచనలు చదవడానికే జర్మనీలోని వృద్ధ శాస్త్రవేత్త క్యోలికర్ స్పానిష్ నేర్చుకొన్నాడని చెబుతారు. అయితే లోకానికి చేరడం కోసం కహాల్ ఫ్రెంచిలోనూ ప్రచురించవలసి వచ్చిందన్నది కూడా నిజమే. నా వాదానికి అనుకూలమైనంత మేరకే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. స్వభాషలో ఆలోచించి, అవసరమైన చోట పరభాషలో ప్రకటించాడు. ఆ వరుస గమనించదగినది.

ఇప్పుడు మన నేలకు వస్తాను. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనాభాషగా వెలసింది. ఆ పని కొరకు ప్రత్యేకంగా అనువాద శాఖ ఏర్పరచి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. వైద్యమూ ఇంజనీరింగూ కూడా ఆ భాషలోనే చెప్పారు. భారతీయ భాష శాస్త్రభారాన్ని మోయజాలదనే వాదానికి ఆ విద్యాలయం ఆనాడే సమాధానం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించింది. ఆ పారిభాషిక పదాలు నేడు ఎందరు వాడుతున్నారో మీకు తెలియనిది కాదు.

నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో ఒక కుర్రవాడుండేవాడు. పదవ తరగతిలో సామాన్యశాస్త్రంలో వాడిని మించినవాడు లేడు. ఇంటర్మీడియెట్ ఆంగ్ల మాధ్యమంలో చేరి, ఆరు నెలలకు నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, కిరణజన్య సంయోగక్రియ నాకు తెలుసు. ఫోటోసింథసిస్ తెలియదు. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. చదువు మానివేశాడు. ఆ మాట నన్ను చాలాకాలం వెన్నాడింది. దాని ఫలితంగా నేను చేసినదేమిటో కూడా చెప్పాలి. మా అమ్మాయిని ఒకటవ తరగతి నుండి ఆంగ్ల మాధ్యమంలో చేర్చాను. ఆమె తన కూతురిని తెలుగు అక్షరాలే లేని బడిలో చేర్చింది. తెలుగు పండితుని మనుమరాలికి తెలుగు చదవడం రాదు. ఊరందరికీ వర్ణమాల దిద్దించినవాడిని నేను! నెపం ప్రభుత్వాల మీదా పాఠశాలల మీదా వేయడం సులువు. ఇందులో నా వాటా నాకున్నది.

కనుకనే ఆ పిల్ల స్పానిష్‌లో చదువుతానన్నపుడు చివరకు సరేనన్నాను. ఆంగ్లం తప్ప జ్ఞానానికి వేరే వాకిలి లేదనే భ్రమ ఆమె తరానికైనా తొలగాలి. సామాన్య జనం సంతలో మాట్లాడే భాషలోనే నాడీకణం గురించి ఆచార్యుడు ఉపన్యసించడం, విద్యార్థులు అదే భాషలో ప్రశ్నించడం ఆమె చెవులారా వినాలి. స్పానిష్ దేశానికి వెళ్ళి ఆంగ్ల తరగతిలో కూర్చుని తిరిగిరావడం, నదికి వెళ్ళి ఇంటి నుండి తీసుకుపోయిన చెంబు నీళ్ళతో స్నానం చేయడం వంటిది.

ఇంతవరకు చదివి స్పానిష్‌ను దేశభాషల విజయపతాక అనుకోకండి. నెబ్రిహా తన వ్యాకరణ పీఠికలోనే భాషకూ సామ్రాజ్యానికీ గల చెలిమిని దాచుకోలేదు. అది అచ్చయిన 1492లోనే కొలంబస్ నౌకలు బయలుదేరాయి. 1551లో పెరూ రాజధాని లీమాలో సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ దేశపు మూలవాసుల భాషలలో ఒకటి కెచువా. మతప్రచారకులకు పనికివస్తుందని పదహారవ శతాబ్దంలోనే దానికి ఒక పీఠం పెట్టారు కాని, శాస్త్రభాషగా ఆదరించలేదు. రొక్సానా కిస్పె కొయాంతెస్ అనే విదుషి 2019లో ఆ విద్యాలయంలో తన పరిశోధనా గ్రంథాన్ని కెచువాలో వ్రాసి, కెచువాలోనే సమర్థించుకొన్నది. విశ్వవిద్యాలయం పుట్టిన 468 ఏళ్ళకు అది మొదటిసారి! లాటిన్ ఎదుట దీనంగా నిలిచిన భాషే కెచువా ఎదుట ప్రభువై కూర్చున్నది. మన ఉస్మానియా సంగతీ ఆలోచించండి. ఉర్దూకు అది గౌరవమే. తెలంగాణ పల్లె నుండి వెళ్ళిన తెలుగు బాలునికి మాత్రం అదీ పరభాషే. ఏ భాషకు పట్టం కట్టినా, దాని నీడలో ఏ భాష నిలబడి ఉన్నదో చూడడం చదువుకున్నవారి ధర్మం. స్పెయిన్‌లోనే బార్సెలోనాకు వెళ్ళే విద్యార్థి, చాలా తరగతులు కాతలాన్ భాషలో జరుగుతాయని ముందే తెలుసుకొని వెళ్ళాలి. ఫ్రాంకో ఏలుబడిలో అణగద్రొక్కబడిన భాష అది.

వెళ్ళదలచినవారికి, మా ఇంటి అనుభవం నుండి నాలుగు మాటలు. భాషను అక్కడికి వెళ్ళి నేర్చుకొందామనుకోవద్దు. ఉపన్యాసం అర్థం కావాలంటే బి2 స్థాయి అయినా ఉండాలి. 'దెలె' పరీక్ష ఆ స్థాయిని ధ్రువీకరిస్తుంది. హైదరాబాదులోని ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ విభాగం ఉన్నది. ఢిల్లీలో సెర్వాంతెస్ సంస్థ ఉన్నది. స్పెయిన్ విశ్వవిద్యాలయాలు ఇచ్చే పట్టాలు రెండు రకాలు. రాజ్యం గుర్తించినవి 'ఒఫిసియాల్', విద్యాలయం తనంతట ఇచ్చేవి 'ప్రోపియో'. ఏది ఏదో తేల్చుకోకుండా రుసుము కట్టవద్దు. ధ్రువపత్రాలకు అపోస్టిల్ ముద్ర, అధీకృత అనువాదకుని స్పానిష్ అనువాదం వంటివి అడుగుతారు, వాటికి సమయం పడుతుంది. అక్కడ ప్రతివారికీ తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ ఉంటాయి. దరఖాస్తులో రెండవ ఇంటిపేరు గడి చూసి మావాళ్ళు కంగారుపడ్డారు. పాస్‌పోర్టులో ఉన్నదే అన్నిచోట్లా వ్రాయాలి. మార్కులు పదికి, అయిదు వస్తే ఉత్తీర్ణత. నూటికి తొంభై అయిదుకు అలవాటుపడిన మన పిల్లలు, ఏడు వచ్చినదని దిగులుపడనక్కరలేదు. అక్కడ దాని పేరే 'నోతాబ్లె', చెప్పుకోదగినది అని.

మా అల్లుని భయం పూర్తిగా పోలేదు. ఉద్యోగం సంగతి ఏమవుతుందో కాలమే చెప్పాలి. నాకూ బెంగ లేకపోలేదు.

గత సెప్టెంబరులో వెళ్ళిన పిల్ల మొదటి రెండు నెలలు ఫోనులో ఏడ్చింది. మూడవ నెలలో ఏడుపు ఆపి ప్రశ్నలు మొదలుపెట్టింది. "తాతయ్యా, న్యూరాన్‌ను తెలుగులో ఏమంటారు?" నాడీకణం అన్నాను. "మరి రెండు నాడీకణాలు కలిసే చోటును?" నాడీసంధి అన్నాను. "ఇక్కడ వీళ్ళు అన్నీ వాళ్ళ మాటల్లోనే చెప్పుకొంటుంటే నాకు సిగ్గుగా ఉంది. అక్షరాలు నేర్పు" అన్నది. ఇప్పుడు ఆదివారాలు మా ఇద్దరికీ తరగతి. పోయిన వారం తానే టైపు చేసి మొదటి వాక్యం పంపింది: "తాతయ్యా నాకు సలమాంకా నచుతుంది."

చ వత్తు పెట్టి తిప్పి పంపాను. పంతులును కదా!

స్పానిష్ దేశాలలో చదివినవారు, చదువుతున్నవారు మీలో ఉంటే మీ అనుభవాలు వ్రాయగోరుతాను. నా అభిప్రాయంతో విభేదించేవారు మరింత తప్పక వ్రాయాలి.

స్వస్తి.