రజకుల రసాయనవిద్య

గన్‌ఫౌండ్రీ యను ఈ పేట పేరు ఫిరంగులు పోతపోసిన కర్మాగారమునుండి వచ్చినది. 18వ శతాబ్దాంతమున నిజాము కొలువులోనుండిన ఫ్రెంచి సేనాని రేమండు దానిని నెలకొల్పెను. ఆయన 1798లో గతించెను, ఫిరంగుల పనియు నేనాడో ఆగిపోయినది, పేరుమాత్రము నిలిచియున్నది. ఆ సైనికుల బట్టలను, నగరవాసులందఱి బట్టలను తెల్లగ నుంచిన రజకుల విద్యనుగూర్చి మాత్రము మనము తలపనైనను తలపము. ఆ విద్యనుగూర్చియే మేమిచ్చట కొంచెము వ్రాయదలచితిమి.

సబ్బుబిళ్లలు మన యిండ్లలో సామాన్యము కాకపూర్వము రజకులు చౌడునేలపై తెల్లగ పేరిన మట్టిని ప్రోగుచేసి, నీట కలిపి, అందు బట్టలు తడిపి, ఉబ్బ వేయుచుండిరి. అనగా, బానలో నీరు కాచి, ఆ యావిరితో బట్టలను ఉడికించుచుండిరి. ఆ మట్టిలోనిది సోడియం కార్బనేటను క్షారము. అది వేడిమిచే బట్టకంటిన జిడ్డులో కొంతభాగమును సబ్బుగా మార్చును. కార్ఖానాలలోను కొవ్వును క్షారమును కలిసియే సబ్బును గ్లిసరినును పుట్టుచున్నవి. ఈ సోడానే ఉప్పునుండి చేయు పద్ధతికి ఫ్రాన్సులో లెబ్లాంకు 1791లో పేటెంటు పొందెను. మన రజకులకు దానిని నేలయే యిచ్చుచుండెను.

కుంకుడుకాయలో నురుగునిచ్చునది సాపోనిన్. ఆ చెట్టునకు పాశ్చాత్య శాస్త్రజ్ఞులు పెట్టిన ‘సాపిండస్’ అను పేరునకు ‘భారతదేశపు సబ్బు’ అని యర్థము. సబ్బుయొక్క యణువు ఒక కొనతో నీటిని, రెండవ కొనతో జిడ్డును పట్టుకొని మురికిని లేవదీయును. 2020లో కోవిడు వ్యాపించినప్పుడు లోకమంతయు చేతులు కడుగుకొనుటకు హేతువిదియే: ఆ వైరసుపైనుండు కొవ్వుపొరను సబ్బు ఛేదించును.

ఇట్టి విద్య నెఱిగినవారి బిడ్డను కులము పేరెత్తి పరిహసించుట యెంత యవివేకము! మురికిచేసినవాడు ఘనుడనియు, దానిని పోగొట్టినవాడు హీనుడనియు ఏ శాస్త్రమును చెప్పదు. నేడు బట్టలుతుకు యంత్రములు వచ్చినవి గనుక ఈ మాటతో పనిలేదని కొందఱందురు. వృత్తి మాఱినను ఎగతాళి మానలేదే! శిష్యుల పాదములు స్వహస్తములతో కడిగిన ప్రభువు చరిత్రమును చదువు పాఠశాలలో దానికి చోటుండరాదు.

కావున ఉపాధ్యాయులకు మా విన్నపమొకటి: సబ్బు పాఠమును చౌడుమట్టితోను కుంకుడుకాయతోను ప్రారంభింపుడు. తలిదండ్రులారా, మీ పిల్లలచే వారి బట్టలను వారానికొకమారైనను ఉతికింపుడు. విద్యార్థులారా, ఆ శ్రమ మీ చేతులకు తెలిసినచో, మీ ప్రక్కన కూర్చుండు రజకుల బిడ్డను మీరు తోబుట్టువువలెనే చూచెదరని మా నమ్మకము.