మన వెబ్‌సైటు ఎవరి కోసం?



సంఘం వెబ్‌సైటును కొత్తగా చేయించాలని కమిటీ నిర్ణయించింది. మంచి పనే. కానీ ఇప్పటిదాకా వచ్చిన సలహాలన్నీ రంగులు, ఫొటోలు, లోగో గురించే. ఎలివేషన్ ఎంత బాగున్నా లోపల నీళ్ల లైను లేకపోతే ఆ బిల్డింగులో ఎవరుంటారు? ముందు ఆ లైను సంగతి చూద్దాం.

మన సైటు తెరిచేది ఎవరు? రెండు నెలలుగా జీతం రానివాడు. దెబ్బ తగిలి రూంలో పడి ఉన్నవాడు. ఊర్లో కొడుకు శవం కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు. వాళ్లకు సన్మానాల ఫొటోలతో ఏం పని? ఇప్పుడు సైటు తెరిస్తే ముందు కనపడేవి అవే, అదీ ఇంగ్లీషులో.

నేను చెప్పేది ఇదీ. మొదటి పేజీలో నాలుగే బటన్లు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో: జీతం రాలేదు, పాస్‌పోర్టు ఇస్తలేరు, దెబ్బ తగిలింది, మనిషి చనిపోయాడు. ఏది నొక్కినా ముందు ఫోన్ నంబరు, తర్వాత ఏ కాగితాలు కావాలో రావాలి. చదువు రానివాళ్లకు అదే మాట వినపడాలి. క్యాంపు వైఫైలో కూడా తొందరగా తెరుచుకోవాలి.

మనకున్న హక్కులు చాలామందికి తెలియనే తెలియవు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. మన పాస్‌పోర్టు కంపెనీ పట్టి పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. ఆ పాలసీ కాపీ మీ ఇంట్లో ఉందా? ఏజెంటు రిజిస్టర్ అయినవాడో కాదో ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. ఎట్లా చూడాలో ఊర్లో ఉన్న తమ్ముడికి తెలుగులో చెప్పాల్సింది మన సైటే.

రెండు జాగ్రత్తలు. ఫిర్యాదు చేసినవాడి పేరు, ఫొటో సైటులో పెట్టొద్దు. కంపెనీవాళ్లు చూస్తే వాడి పని అయిపోయినట్టే. రెండోది, నెలకోసారి ప్రతి నంబరుకూ ఫోన్ చేసి చూసే బాధ్యత ఒకరికి అప్పజెప్పాలి. పనిచేయని నంబరు నమ్ముకుంటే కష్టంలో ఉన్నవాడి రోజులు వృథా అవుతాయి.

ఖర్చు మన చందాలదే, కాబట్టి అడిగే హక్కు అందరిదీ. ప్రారంభోత్సవానికి ముందే క్యాంపులో కొత్తగా దిగిన కుర్రాడికి ఒక పాత ఫోను ఇచ్చి సైటు తెరవమనండి. ఎవరినీ అడగకుండా నంబరు దాకా పోయాడంటే పని అయినట్టు. పోలేకపోతే ఆ పని పాస్ చేయొద్దు.

మీ మాట ఆదివారంలోగా గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. రాయడం రాదని ఆగొద్దు.