రంగూనులో మేము చూడనిది

ఎన్నడును సముద్రము దాటని మేము మిత్రులతో కలసి మొదటిసారి రంగూను పట్టణము చూచితిమి. ఇప్పుడు దానికి యాంగోన్ అని పేరు. ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరమును మెడలు నొప్పిపుట్టునంతవరకు చూచి, ఛాయాపటములు తీసికొని, "ఇక చూడవలసినదేమున్నది?" అనుకొంటిమి.

చూడవలసినది రేవు. అచ్చట ఒకప్పుడు ఓడల బరువులు మోసినవారు విశాఖపట్టణము, కాకినాడ తీరములనుండి పొట్టకూటికై వెళ్లిన మన తెలుగు కూలీలు. కోరంగి రేవునుబట్టి వారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో వారు సమ్మెకట్టగా యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి మనవారు మరల పనికి రాగా ఘోరమైన కొట్లాట జరిగెను. 1942లో జపాను సైన్యము వచ్చినప్పుడు వేలకొలది జనులు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు మరలిరి. త్రోవలో మరణించినవారనేకులు. ఆ రేవున మేము అరగంటయైనను నిలువలేదు; బజారులో రంగురాళ్లు బేరమాడుచుంటిమి!

మన డుంబ్రిగుడలో చాపరాయికి వచ్చు యాత్రికులు థింసా ఆడు స్త్రీల ప్రక్కన నిలిచి పటము తీయించుకొని, వారిది ఏ యూరో అడుగకయే బండి యెక్కుదురు. అది చూచి మేము నొచ్చుకొనుచుందుము. రంగూనులో మేము చేసినదియు అదియే.

తిరిగివచ్చిన పిమ్మట తరగతిలో ఒక బాలుడు, "అక్కడ మన తెలుగువారు ఇంకను ఉన్నారా, మేష్టారూ?" అని అడిగెను. ఉన్నారని చెప్పితిమి. "వారితో మాటలాడితిరా?" అనెను.