అండమాన్ చూడవచ్చు, అప్పు చేయనక్కరలేదు

అల్లూరు: ఒకప్పుడు అండమాన్ అంటే ద్వీపాంతర శిక్ష. 1858లో తొలి ఖైదీలను దించిన నాటి నుండి తెల్లదొరల ప్రభుత్వం తన ఖర్చుతోనే మనుషులను అక్కడికి పంపింది. నేడు అదే చోటికి జనం సొంత ఖర్చుతో, అది చాలకపోతే అప్పు చేసి మరీ వెళుతున్నారు. కొత్తగా పెళ్ళయిన జంటలు, పిల్లల సెలవులు, చుట్టాలు చూపించిన ఫొటోలు, కారణం ఏదైతేనేమి, పట్టణాల వారి మోజు పల్లెలకు కూడా పాకింది. వెళ్ళడం తప్పు కాదు. ఇసకపల్లి ఒడ్డున నిలబడితే కనిపించే బంగాళాఖాతంలోనే ఆ దీవులు ఉన్నాయి. సముద్రం మీద ధనవంతుడికి ఎంత హక్కు ఉన్నదో రైతుకూ అంతే ఉన్నది. అయితే ఏ సొమ్ముతో, ఏ దారిన వెళ్ళాలన్నదే ఆలోచించవలసిన విషయం.

ట్రావెల్ ఏజంటు విమానం, హోటలు, కారు, బోటు అన్నీ కలిపి ఒకే అంకె చెబుతాడు. అందులో దేనికి ఎంతో అడిగేవారు తక్కువ. నలుగురున్న కుటుంబం ఇందుకోసం లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకుందాం. నెలకు 2,000, ఏడాదికి 24,000 వడ్డీ. అసలు తీరకపోతే మూడేళ్ళకు వడ్డీ ఒక్కటే 72,000 అవుతుంది. నాలుగు రోజుల ముచ్చటకు మూడేళ్ళ వడ్డీ అన్నమాట. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఎల్‌టీసీ ఉన్నది, అతని టిక్కెట్టు సర్కారు భరిస్తుంది. రైతు టిక్కెట్టు భరించేది వడ్డీ వ్యాపారి. పక్కింటి ఉద్యోగి వెళ్ళాడు కదా అని రైతు కూడా అదే విమానం ఎక్కబోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లే.

ఓడ దారి

విమానం కాక మరో దారి ఉన్నదని చాలామందికి తెలియదు. చెన్నై, విశాఖపట్నం, కలకత్తా రేవుల నుండి అండమాన్‌కు ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తున్నాయి. చెన్నై నుండి సముద్రం మీద దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, ప్రయాణం రెండున్నర నుండి మూడు రోజులు. విశాఖ కంటే చెన్నై నుండే ఓడలు ఎక్కువ. అల్లూరు ప్రాంతం వారికి అదే దగ్గర. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై. అండమాన్ నౌకాయాన శాఖ కార్యాలయం అక్కడి రాజాజీ సాలైలో ఉన్నది.

ఓడలో గదులూ ఉన్నాయి, బంకు తరగతీ ఉన్నది. బంకు అంటే పెద్ద హాలులో ఒకదాని మీద ఒకటిగా పడకలు. ఛార్జీ అన్నిటికన్నా తక్కువ. దుప్పటి, చెంబు, పచ్చడి జాడీ వెంట తీసుకుపోతే మంచిది. భోజనం ఓడలోనే కొనుక్కోవచ్చు. ఓడ ఊగినప్పుడు కొందరికి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. నిమ్మకాయలు, డాక్టరు ఇచ్చిన మాత్రలు దగ్గర ఉంచుకోవాలి. సుఖం కోరేవారికి ఇది కుదరదు. తిరుమల కొండ నడిచి ఎక్కేవారికి మాత్రం ఇదొక లెక్క కాదు.

కాలం కూడా రైతుకు కలిసి వస్తుంది. షావుకార్లు ఎగబడేది డిసెంబరు, జనవరిలో. అప్పుడు లాడ్జీలకు గిరాకీ ఎక్కువ, రేట్లూ ఎక్కువ. మనకు మార్చి, ఏప్రిల్ నాటికి కోతలు ముగిసి ధాన్యం అమ్ముడవుతుంది. ఆ రోజుల్లో సముద్రం కూడా సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. మే మూడో వారం తరువాత నైరుతి రుతుపవనం ముందుగా తాకేది ఆ దీవులనే కనుక ఆలస్యం పనికిరాదు.

అక్కడ వస్తువుల ధరలు ఎక్కువన్న మాట నిజమే. బియ్యం, పప్పు, సిమెంటు, ఇనుము చాలావరకు ఓడ మీదనే రావాలి. కనుక ఇక్కడి ధరలు అక్కడ ఉండవు. అయినా పొదుపుగా గడిపే మార్గాలు లేకపోలేదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సిటీ బస్సులు తిరుగుతున్నాయి. సెల్యులార్ జైలు, 1883 నాటి చాథమ్ రంపపు మిల్లు, కార్బిన్స్ కోవ్ తీరం చూడడానికి కారు అవసరం లేదు. హేవ్‌లాక్ అనే స్వరాజ్ ద్వీపానికి ప్రైవేటు బోట్లకన్నా ప్రభుత్వ బోటు చవక, కాకపోతే గంట ఆలస్యం. పేరు మోసిన రాధానగర్ తీరంలో ఇసుకకు గాని, అలలకు గాని అద్దె లేదు.

భాష భయం కూడా అక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుండి కూలికి, చేపల వేటకు వెళ్ళి స్థిరపడినవారు అందులో ఎందరో ఉన్నారు. బజారులో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు వస్తుంది. మంచి చవక లాడ్జీ ఏదో చెప్పేది వారే.

సెల్యులార్ జైలును మాత్రం వదలకూడదు. 1896 నుండి 1906 వరకు కట్టిన ఆ జైలుకు ఏడు విభాగాలు ఉండగా నేడు మూడే మిగిలాయి. 1979లో దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువారు కూడా అండమాన్ శిక్ష అనుభవించారు. పిల్లలకు ఆ గది ఒక్కటి చూపించినా ఖర్చు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్లే.

కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకురావడం నిషేధం. జారవా గిరిజనుల అడవి గుండా పోయే దారిలో వారికి తిండి వేయడం, ఫొటోలు తీయడం నేరం. వారు మనుషులు, జంతుప్రదర్శనశాల కాదు.

తిరుగు ప్రయాణమే కీలకం

చవక ప్రయాణంలో అసలు చిక్కు వెళ్ళడంలో లేదు, తిరిగి రావడంలో ఉన్నది. ఓడలు రోజూ ఉండవు. వాతావరణం బాగుండకపోతే తేదీ మారుతుంది. తిరుగు టిక్కెట్టు లేకుండా దిగినవారు లాడ్జీ అద్దె కట్టుకుంటూ కూర్చోవాలి, లేదా ఉన్నపళంగా విమానం టిక్కెట్టు కొనాలి. మిగిల్చినదంతా అక్కడే పోతుంది. కనుక రెండు టిక్కెట్లూ చేతికి వచ్చిన తరువాతే ఇల్లు కదలాలి. నాలుగు రోజుల అదనపు ఖర్చు వేరే ఉంచుకోవాలి.

ఇక రోజుల సంగతి. రానూ పోనూ ఓడ మీదే ఆరు రోజులు, అక్కడ ఐదారు రోజులు. వెరసి పన్నెండు రోజులు. కోత ముగిసిన రైతుకు ఆ రోజులు ఉంటాయి. రోజు కూలి మీద బతికేవారికి పన్నెండు రోజుల కూలి పోతుంది. వారికి ఓడ ఛార్జీ కన్నా ఈ నష్టమే పెద్దది. చవక దారి ఉన్నదని చెప్పేవారు ఈ లెక్కను దాచకూడదు. దీనికి అప్పు మందు కాదు, పొదుపే మందు.

పొదుపు నెల్లూరు జిల్లాకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. దూబగుంట నుండి లేచిన సారా వ్యతిరేకోద్యమం తరువాత 1990లలో రోజుకు రూపాయి దాచి పొదుపు సంఘాలు నిలబెట్టినది ఈ జిల్లా ఆడవారే. నెలకు 500 చొప్పున రెండేళ్ళు దాస్తే మనిషికి 12,000 అవుతుంది. పదిమంది కలిస్తే 1,20,000. పదిమంది ఒక జట్టుగా వెళితే లాడ్జీలో బేరం కుదురుతుంది, ఆటో ఖర్చు పంచుకోవచ్చు, ఒకరికి జ్వరం వస్తే చూసే దిక్కు ఉంటుంది. మనిషికి ఇంకా కొంత తక్కువపడితే యాత్ర ఆరు నెలలు ఆగుతుంది. అండమాన్ ఎక్కడికీ పోదు.

ప్రభుత్వం చేయవలసినది కూడా ఉన్నది. ఓడల తేదీలు, ఛార్జీలు నెల ముందుగా తెలుగులో నెల్లూరు వంటి పట్టణాల్లో ప్రకటించాలి. వాటి కోసం పల్లెవారు చెన్నై దాకా పోయి వాకబు చేయవలసిన పని ఉండకూడదు. రానూ పోనూ టిక్కెట్లు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చేస్తే సగం బెంగ తీరుతుంది. ఈ చిన్న పని జరగనంత కాలం ఏజంట్లు చెప్పినదే రేటు అవుతుంది.