తీగ కలిపే ముందు లెక్క

గత చలికాలంలో మా మదర్సా వసతి గృహంలో జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ నెల ముచ్చట ప్రారంభిస్తాను. పదమూడేళ్ల విద్యార్థి ఒకడు సెలవుల నుంచి తిరిగి వస్తూ ఒక 9 వోల్టుల బ్యాటరీ, నాలుగు ఎర్ర ఎల్‌ఈడీలు తెచ్చుకున్నాడు. ఒకదానిని నేరుగా బ్యాటరీకి కలిపాడు. అది క్షణకాలం మెరిసి ఆరిపోయింది. రెండవదీ అంతే. మూడవదానిని పట్టుకుని నా వద్దకు వచ్చి, “హజ్రత్, బ్యాటరీ మంచిదే, దీపమూ మంచిదే. మరి ఎందుకు కాలిపోతున్నది?” అని అడిగాడు.

అతనిని వుజూఖానా వద్దకు తీసుకువెళ్లాను. డాబాపై నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయి వద్ద నీటికి అంత ఒత్తిడి. విద్యుత్తులో ఆ ఒత్తిడి పేరు వోల్టేజి. దానిని వోల్టులలో కొలుస్తారు. కుళాయి కట్టి ఉన్నా లోపల ఒత్తిడి ఉంటుంది. అలాగే స్విచ్ వేసి ఉంటే, ఏమీ తగిలించని సాకెట్‌లోనూ 230 వోల్టులు ఉంటాయి. ఒక సెకనులో గొట్టం గుండా ఎంత నీరు పారుతున్నదన్నదే ఇక్కడ కరెంటు. దాని కొలమానం ఆంపియరు. అందులో వెయ్యవ వంతు మిల్లీఆంపియరు. గొట్టం సన్నదైతే పారుదలకు కలిగే అడ్డే నిరోధం. దాని కొలమానం ఓమ్.

ఈ మూడింటి సంబంధాన్ని తేల్చిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో గణితం, భౌతిక శాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడు. ఆయన గ్రంథం 1827లో వెలువడింది. దాని సారం ఒక్క వాక్యం: వోల్టులు = ఆంపియర్లు × ఓమ్‌లు. ఏ రెండు తెలిసినా మూడవది తెలుస్తుంది.

ఇక పిల్లవాడి ప్రశ్నకు వద్దాము. ఎర్ర ఎల్‌ఈడీ తన వంతుగా సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. వెలగడానికి 15 మిల్లీఆంపియర్లు చాలు. సాధారణంగా 20 దాటనీయరాదు. కరెంటును తనంతట తాను అదుపు చేసుకునే శక్తి దానికి లేదు. బ్యాటరీలోని 9 నుంచి 2 తీసివేస్తే 7 వోల్టులు మిగులుతాయి. 7ను 0.015తో భాగిస్తే 467 ఓమ్‌లు. బజారులో దొరికే దగ్గరి రెసిస్టర్ 470 ఓమ్‌లది. దానిపై పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలు వరుసగా ఉంటాయి.

ఆ రెసిస్టర్ వేడిని తట్టుకోగలదా? అందుకు నాలుగవ కొలత కావాలి. వోల్టులు × ఆంపియర్లు = వాట్లు. 7 × 0.015 అంటే సుమారు పదవ వంతు వాటు. పావు వాటు రెసిస్టర్ నిశ్చింతగా సరిపోతుంది. మరునాడు దానిని మధ్యలో పెట్టి కలపగానే మూడవ దీపం వెలిగింది. ఆ రాత్రంతా వెలుగుతూనే ఉన్నది.

కొద్ది రోజుల తరువాత ఆ పిల్లవాడు నా గదికి వచ్చాడు. నేను ఎక్స్‌టెన్షన్ బోర్డుకు హీటర్ రాడ్ తగిలించి బకెట్లో నీళ్లు కాచుకుంటున్నాను. అతడు రాడ్‌పై ఉన్న చీటీ చదివాడు: 1500 వాట్లు. బోర్డు వెనుక చదివాడు: 6 ఆంపియర్లు. నేలపై వేలితో లెక్క వేసి, “హజ్రత్, 1500ను 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. బోర్డు ఆరింటికే కదా!” అన్నాడు. స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీసి చూశాను. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి మెత్తబడి ఉన్నది. రెండు చలికాలాలుగా నేను దానినే వాడుతున్నాను. పాఠం చెప్పినవాడిని నేను, లెక్క వేసినవాడు అతడు.

అదనంగా ఉన్నది అర ఆంపియరే కదా అనుకోరాదు. సాకెట్‌లో పిన్ను వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది. అది అర ఓమ్ అనుకుందాము. 6.5 × 0.5 అంటే 3.25 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. 3.25 × 6.5 అంటే సుమారు 21 వాట్లు. మరమ్మతు దుకాణాలలో లోహపు టంకాన్ని కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే దాదాపు అంతటి వేడి పిల్లలు పడుకునే చాప పక్కన, ప్లగ్గులో దాగి ఉన్నది. గోడలోని 16 ఆంపియర్ల ఎంసీబీ ఆరున్నర ఆంపియర్లకు పడిపోదు. అది వదులు ప్లగ్గును కనిపెట్టలేదు.

ఆ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మందపు తీగతో, ఎర్త్‌తో 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాము. పాత బోర్డును పారవేశాము.

తల్లిదండ్రులకు నా విన్నపం రెండు మాటలే. పిల్లలను బ్యాటరీలతో ప్రయోగాలు చేయనివ్వండి. గోడ సాకెట్‌ను మాత్రం తాకనివ్వకండి. తడిసిన శరీరపు నిరోధం వెయ్యి ఓమ్‌లకు దిగితే 230 వోల్టులకు 230 మిల్లీఆంపియర్లు పారుతాయి. ప్రాణరక్షణకు ఇళ్లలో అమర్చే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లకే కరెంటు ఆపివేసేలా చేయబడినది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.

రెండవది, ఈ రోజే మీ ఇంట్లోని ఇస్త్రీ పెట్టె, హీటర్, బోర్డు వెనుక రాసి ఉన్న అంకెలు మీ పిల్లలచేత చదివించండి. వాట్లను 230తో భాగించమనండి. జవాబు బోర్డుపై ఉన్న అంకెను మించితే, పిల్లవాడు చెప్పాడని చిన్నబుచ్చుకోకుండా ప్లగ్ తీసివేయండి.