పేరు మిగిలింది

సికింద్రాబాదులో ‘పారడైజ్’ అంటే ఇవాళ బిర్యానీ. అసలది సినిమాహాలు పేరు! 1953లో ఆ హాలు పంచన చిన్న కాంటీను వెలిసింది. కాలక్రమాన హాలు పోయింది. కాంటీను పెద్ద హోటలయింది. ఆ చౌరస్తాకూ, 2017లో వచ్చిన మెట్రో స్టేషనుకూ అదే పేరు.

అక్కణ్ణుంచి బోయినపల్లి మీదుగా డెయిరీఫారం దాకా ఫ్లైఓవరుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మొన్న ఆ రోడ్డున ఒక కొట్లో గొడుగు కొంటూ, “ఇక మీ రోడ్డుకి మంచి రోజులేనండీ!” అన్నాను.

“రోడ్డుకి మంచివే. పైనుంచి పోయే కారు గొడుగు కోసం కిందికి దిగుతుందాండీ?” అన్నాడు కొట్టతను.

నాకు జవాబు తోచలేదు. హాలు పోయినా దాని పేరుంది. ఈ కొట్టు పోతే?

ఆ పూట మాత్రం బేరమాడ బుద్ధి కాలేదు.