రెండవ విద్య నేర్చినవానికి జరిమానా ఏల?

ఈమారు టపా ఛందస్సును గురించి కాదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను గురించి. ముసలాయనకు ఇదేమి పిచ్చి అనుకొనేవారు అనుకోవచ్చును. మా మనవడి స్నేహబృందం 2003లో వచ్చిన మూడున్నరవ కూర్పునే నేటికీ ఆడుతున్నది. ఆ నియమగ్రంథంలోని ఒక నియమాన్ని చక్కని క్రమశిక్షణ అని సమర్థించేవారు ఇంకా ఉన్నారు గనుక ఈ ఖండన.

ఆ ఆటలో పాత్రకొక వృత్తి: ఫైటర్, విజార్డ్, రోగ్ వగైరా. సాహసాల వలన అనుభవపు పాయింట్లు వస్తాయి, అవి నిండితే లెవెల్ పెరుగుతుంది. ఒకే పాత్ర పలు వృత్తులు చేపట్టవచ్చును. కాని వాటి లెవెళ్ళ నడుమ ఒకటికి మించిన తేడా ఉంటే, వెనుకబడిన ఒక్కొక్క వృత్తికి, సంపాదించిన మొత్తంలో నూటికి 20 కోత. ప్రతి జాతికీ ఒక అభిమాన వృత్తి ఉన్నది, దానిని ఈ లెక్కలో చేర్చరు.

ఇక న్యాయం చూడండి. ఫైటర్‌గా 5, రోగ్‌గా 2 లెవెళ్ళు ఉన్న ఎల్ఫ్‌కు కోత పడుతుంది. అవే లెవెళ్ళున్న మనిషికి పడదు, ఏలననగా మనిషికి పెద్ద లెవెల్ గల వృత్తే అభిమాన వృత్తి. ఆ ఎల్ఫే రోగ్ విద్యకు బదులు విజార్డ్ విద్య నేర్చి ఉంటే వానికీ పడదు, అది ఎల్ఫుల అభిమాన వృత్తి గనుక. పడిన శ్రమ ఒక్కటే, శిక్ష మాత్రం పుట్టుకను బట్టి! కులవృత్తి దాటినవానికి తప్పు వేసే పాత కట్టుబాటుకూ దీనికీ భేదమేమిటో నాకు బోధపడలేదు.

ఆలస్యంగా చదువు మొదలుపెట్టినవాని గతి మరీ హీనం. అయిదవ లెవెల్ ఫైటర్ అయిన మన ఎల్ఫ్ రోగ్ విద్యకు శ్రీకారం చుట్టిన నాటినుండి అందులో నాలుగవ లెవెల్ అందుకొనేవరకు కోత తప్పదు. 21000 పాయింట్ల దారికి 26250 సంపాదించాలి. తెలుగులో దిట్ట అయిన పిల్లవాడు పదవ తరగతిలో సంస్కృతం మొదలుపెడితే, వెనుకబడ్డావని రెండింటి మార్కులూ కోసినట్లు. ఉభయభాషాప్రవీణ చదివినవాణ్ణి, నాకు కడుపు మండదా?

ఈ కోత లేకుంటే ఆటగాళ్ళు ఇక్కడొక లెవెల్, అక్కడొక లెవెల్ ఏరుకొని లాభపడతారట! ఫైటర్‌గా 8 లెవెళ్ళుండి రోగ్ విద్యలో ఒక్క లెవెల్ ఏరుకొన్న మనిషి చెక్కుచెదరకుండా తప్పించుకొంటున్నాడు కదా. ప్రెస్టీజ్ క్లాస్ అనే బిరుదు వృత్తులకైతే ఈ లెక్కే లేదు. ఏరుకొనేవాడు దొరకడు, నేర్చుకొనేవాడు దొరుకుతాడు.

పైగా కలగలుపు విద్యకు దాని నష్టం దానికే ఉన్నది. విజార్డ్ 5, క్లెరిక్ 5 అయినవాడు మూడవ స్థాయి మంత్రాల వద్ద ఆగిపోతాడు. పదవ లెవెల్ శుద్ధ విజార్డ్ అయిదవ స్థాయి మంత్రాలు వేస్తుంటాడు. బలవంతుణ్ణి వదలి బలహీనుని వీపు వాయించడం ఏ బడిలో నేర్పారో!

లెవెల్ తగ్గినవానికి పాయింట్లు ఎక్కువ వచ్చే పట్టిక ఉన్నది, లోటు దానంతట అదే పూడుతుంది అంటారు కొందరు. పూడేదైతే తవ్వడమెందుకు?

1978 నాటి పాత పద్ధతిలో, మనుషులు కాని జాతులకు, పాయింట్లను వృత్తుల నడుమ పంచేవారు. శ్రమ చీలితే ఫలమూ చీలుతుంది, అది న్యాయమే. (ఆ జాతులకు లెవెళ్ళ పరిమితి పెట్టడం వేరే అన్యాయం.) 2008 నాటి నాలుగవ కూర్పు ఈ కోతను వదిలేసింది. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ బెత్తం పారవేసి బెల్లం పెట్టింది. అభిమాన వృత్తిలో లెవెల్ పెరిగినప్పుడల్లా ఒక ప్రాణబిందువో, ఒక నైపుణ్యబిందువో అదనం. 2014 నాటి అయిదవ కూర్పు, ఆయా వృత్తులకు కావలసిన సామర్థ్యంలో కనీసం 13 ఉన్నదా అని అడిగి లోపలికి రానిస్తుంది. ప్రవేశార్హత అడగవచ్చును, చేరినవానిని నెలనెలా దండించరాదు.

సమర్థింపదలచినవారు మొదట ఆ ఎల్ఫ్‌కూ ఆ మనిషికీ నడుమ భేదమేమిటో సెలవిచ్చి, తరువాత తక్కిన వాదాలు ఎత్తుకోవలసినదిగా మనవి.